చదువులో వెనుకబడిన పిల్లల కోసం బడి ప్రణాళిక రాయడం, నిధులు సమకూర్చుకోవడం

విద్యా హక్కు చట్టం, 2009లోని 22వ సెక్షను ప్రకారం పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారుచేయవలసింది పాఠశాల యాజమాన్య కమిటీ. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో, మొత్తం మీద సగం మంది మహిళలు ఉండాలి. కేంద్ర నియమాలు దీన్ని ఏడాదికొక ఉపప్రణాళిక ఉండే మూడేళ్ల ప్రణాళికగా నిర్దేశించి, ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం 3 నెలల ముందే సిద్ధం చేయమన్నాయి. కాబట్టి డిసెంబరు దాటనివ్వకూడదు. పాత కాగితంలో సంవత్సరం మార్చి సంతకాలకు తిప్పే అలవాటు ఉన్నచోట ఈ గడువుకు అర్థమే లేదు.

ప్రణాళికకు మొదటి పేజీ గోడల రంగుతో కాక పిల్లల పేర్లతో మొదలవ్వాలి. జూన్‌లో బడి తెరిచిన రెండు వారాల్లోనే ఒక్కొక్కరిచేత రెండో తరగతి వాచకంలోని ఒక పేరా చదివించి, అప్పు తెచ్చుకునే తీసివేత ఒకటి, భాగహారం ఒకటి చేయించి, ఎవరు ఎక్కడ ఆగిపోయారో నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఉదాహరణకు ఆరో తరగతిలో 42 మంది ఉంటే 17 మందికి భాగహారం రాదని తేలిందనుకుందాం. అప్పుడు ఆ 17 మందికి ఏ పీరియడులో, ఎవరు, ఎన్నాళ్లు చెబుతారన్నదే ప్రణాళిక. ఇందులో సగానికి సగం పని టైంటేబులు మార్చుకుంటే పైసా ఖర్చు లేకుండా జరుగుతుంది.

గుంటూరు చుట్టుపక్కల ఊళ్లలో మరో లెక్క కూడా ఉంది. సంక్రాంతి తర్వాత మిరప కోతలు ఊపందుకుంటే కొందరు పిల్లలు పెద్దవాళ్లతో పొలానికి పోతారు. అందుకని గట్టి బోధన జులై నుంచి డిసెంబరు లోపే పూర్తయ్యేలా చూసుకుని, మళ్లీ పరీక్షించడం పండుగ సెలవులకు ముందే పెట్టుకోవడం మేలు.

ఇక డబ్బు. కేంద్రం, రాష్ట్రం 60:40 నిష్పత్తిలో భరించే పాఠశాల విద్యా పథకం సమగ్ర శిక్ష కింద బడి నిర్వహణ ఖర్చులకు ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు విద్యార్థుల సంఖ్యను బట్టి మారుతుంది: 30 మంది వరకు ₹10,000, 100 వరకు ₹25,000, 250 వరకు ₹50,000, 1,000 వరకు ₹75,000, ఆపైన ₹1,00,000. అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు కేటాయించాలి. సంఖ్యను బడుల వివరాలు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ యూడైస్ ప్లస్ నుంచే తీసుకుంటారు కనుక అక్కడ ఒక్క పేరు తప్పిపోయి 101 కాస్తా 100 అయితే సగం గ్రాంటు పోయినట్లే. కరెంటు బిల్లు, సుద్దముక్కలు, మరమ్మతులు పోగా మిగిలేది తక్కువ. దానితో పఠన కార్డులు, వర్క్‌షీట్లు కొనడమే తెలివైన ఖర్చు.

చాలని మొత్తానికి పూర్వ విద్యార్థులను, స్థానిక వ్యాపారులను అడగవచ్చు. బడులను దాతలతో, స్వచ్ఛంద సేవకులతో కలపడానికి కేంద్రం 2021లో విద్యాంజలి 2.0 పేరుతో మొదలుపెట్టిన పోర్టల్‌లో అవసరాన్ని నమోదు చేయవచ్చు. లాభాల్లో కొంత సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు చేయాలనే కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షను వర్తించే సంస్థలకు లేఖ రాయవచ్చు. "మా బడికి సాయం చేయండి" అని అడిగితే దాత ఒక బీరువా ఇచ్చి, దాని మీద పేరు రాయించుకుని వెళ్తాడు. 17 మంది పిల్లలకు నాలుగు నెలలపాటు సాయంత్రం తరగతి నడపడానికి బోధకుడి పారితోషికం ఎంత, అల్పాహారానికి ఎంత అని విడివిడిగా రాసిస్తే దేనికి ఇస్తున్నాడో అతనికి తెలుస్తుంది. ఎవరిచ్చినా కమిటీ తీర్మానం రాయాలి, క్యాష్‌బుక్‌లో జమ చూపాలి, ఓచర్లు దాచాలి. డిసెంబరు సమావేశంలో ఈ లెక్కల పక్కనే జూన్ నోటుపుస్తకాన్ని కూడా తెరిచిపెట్టి, ఆ 17 పేర్లలో ఎన్నింటిని కొట్టేయగలిగామో తల్లుల ముందు చదివి వినిపించి, మిగిలిన పేర్లతో వచ్చే ఏడాది ఉపప్రణాళిక మొదలుపెట్టాలి.