రాక్ పాటలో శాంపిల్‌ని పట్టుకోవడం: నాలుగో పాఠం

లూప్ (పాటలో మళ్లీ మళ్లీ తిరిగే ముక్క) ఎక్కడ మొదలై ఎక్కడికి తిరిగొస్తుందో లెక్కపెట్టడం కిందటి పాఠంలో చూశాం. ఆ లూప్ ఇంకొకరి సంగీతం నుంచి కోసుకొచ్చిందైతే, అంటే శాంపిల్ అయితే, దాన్ని చెవితో పోల్చుకోవడం ఈసారి పని. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. ఫోన్ స్పీకర్‌తో లాభం లేదు.

బ్రిటిష్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ వాళ్ల 'ఇడియోటెక్' పెట్టండి. 2000లో వచ్చిన 'కిడ్ ఎ' ఆల్బమ్‌లోది. ముందు డ్రమ్ మెషీన్ మోత, ఆ తర్వాత దాని మీద నాలుగు కార్డ్‌లు (కార్డ్ అంటే ఒకేసారి మోగే కొన్ని స్వరాల గుంపు). దాదాపు పాటంతా అవే తిరుగుతుంటాయి. డ్రమ్స్ సంగతి పట్టించుకోకుండా ఆ నాలుగింటినే వినండి. ఒక్కో కార్డ్‌లో అన్నిటికన్నా పైన వినిపించే స్వరాన్ని కూనిరాగంగా తీయండి. నాలుగూ నోటికి వచ్చేదాకా ముందుకు వెళ్లొద్దు. పాడేవాడు ఎంత కంగారు పడుతున్నా, డ్రమ్స్ ఎంత తరుముతున్నా ఆ కార్డ్‌లకు చీమ కుట్టినట్టయినా ఉండదు. పాటలోని టెన్షన్ సగం అక్కడిదే.

ఇప్పుడు అమెరికన్ స్వరకర్త పాల్ లాన్‌స్కీ 'మిల్డ్ ఉంట్ లైజ' వినండి. 1973లో ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ మీద చేసిన రచన, దాదాపు 18 నిమిషాలు. అంతా వినక్కర్లేదు (వింటే మంచిదే). మొదటి నిమిషం పూర్తయ్యేలోపే మీరు కూనిరాగం తీసిన నాలుగు కార్డ్‌లూ ఎదురవుతాయి. కింద బీట్ ఉండదు కాబట్టి మొదటిసారి జారిపోవచ్చు. వెనక్కి జరిపి మళ్లీ వినండి. లాన్‌స్కీ కొన్ని సెకన్లలో దాటేసిన ముక్కని రేడియోహెడ్ గిటారిస్ట్ జానీ గ్రీన్‌వుడ్ పట్టుకుని పాటకి పునాది చేశాడు. రెండింటిలో నాకు ఎక్కువ నచ్చేది పాటే.

ఆ కార్డ్‌లు ఎందుకంత ఇబ్బంది పెడతాయంటే, వాటి మూలం జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఒపేరా 'ట్రిస్టాన్ ఉంట్ ఇజోల్డె'లో ఉంది. అందులోని పేరుమోసిన 'ట్రిస్టాన్ కార్డ్'ని తిరగేసి మరగేసి లాన్‌స్కీ ఈ రచన అల్లాడు. షడ్జం మీద వాలుతుందని చెవి ఎదురుచూసే చోట అది వాలదు. లూప్ చేస్తే ఆ ఎదురుచూపు కూడా లూప్ అవుతుంది. పాట క్రెడిట్స్‌లో లాన్‌స్కీ పేరు ఉంది. లాన్‌స్కీ రచన ఉన్న పాత రికార్డు నుంచే ఇంకో స్వరకర్త శబ్దం కూడా తీసుకున్నందుకు ఆర్థర్ క్రీగర్ పేరూ ఉంది.

ఇంటిపని: మానిక్ స్ట్రీట్ ప్రీచర్స్ అనే రాక్ బ్యాండ్ పాట 'యూ లవ్ అస్' రెండు వెర్షన్లూ వినండి. 1991 సింగిల్ మొదట్లో పోలిష్ స్వరకర్త పెండరెట్స్కీ 52 తంత్రీవాద్యాలకు రాసిన 'థ్రెనొడీ' శాంపిల్ ఉంటుంది, 1992 ఆల్బమ్ వెర్షన్‌లో ఉండదు. సింగిల్‌లో ఆ తంత్రుల అరుపు ఎన్నో సెకనుకి తగ్గి బ్యాండ్ అందుకుంటుందో రాసిపెట్టుకోండి. అందులో కూనిరాగం తీయడానికి కార్డ్ దొరకదు. అలాంటి శబ్దాన్ని దేనితో గుర్తుపట్టాలన్నది అయిదో పాఠం.