డయల్‌అప్ కనెక్ట్ కాకపోతే ముందు మోడెమ్‌ని పలకరించండి

పాత కంప్యూటర్లో డయల్‌అప్ (ఫోన్ లైను మీద నడిచే ఇంటర్నెట్) పెట్టేటప్పుడు చాలామంది నేరుగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టేసి, కనెక్ట్ కాకపోతే టెన్షన్ పడతారు. అంతకంటే ముందు మోడెమ్ (కంప్యూటర్‌ని ఫోన్ లైనుకి కలిపే పరికరం) బతికి ఉందో లేదో చూడండి. విండోస్ ఎక్స్‌పీలో అయితే కంట్రోల్ ప్యానెల్‌లో ఫోన్ అండ్ మోడెమ్ ఆప్షన్స్ తెరిచి, మోడెమ్ ప్రాపర్టీస్‌లో డయాగ్నస్టిక్స్‌కి వెళ్లి క్వెరీ మోడెమ్ నొక్కండి. జవాబులు వరసగా వస్తే మోడెమ్, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్ రెండూ బాగున్నట్టే. ఏమీ రాకపోతే డ్రైవర్ సంగతి తేలేదాకా పాస్‌వర్డ్ మార్చి మార్చి చూడటం వృథా.

గోడ నుంచి వచ్చే వైరు మోడెమ్ వెనక 'లైన్' అని ఉన్న రంధ్రంలోకే వెళ్లాలి. 'ఫోన్' అని ఉన్నది టెలిఫోన్ సెట్టు కోసం.

'నో డయల్ టోన్' అని వస్తోందా? అదే లైనుకి మామూలు ఫోన్ తగిలించి వినండి. టోన్ వినిపిస్తున్నా మోడెమ్ గుర్తుపట్టకపోతే, మోడెమ్ ప్రాపర్టీస్‌లో డయల్ టోన్ కోసం ఆగమనే టిక్కు తీసేయండి. మోడెమ్ ఇక ఆగకుండా నంబర్ కొట్టేస్తుంది. కాల్ వెయిటింగ్ ఉంటే అది కూడా ఆపించండి, మధ్యలో వచ్చే బీప్ కనెక్షన్‌ని తెంపేయగలదు.

56కె (సెకనుకు 56 కిలోబిట్ల వేగం) మోడెమ్ అయినా పూర్తి 56 అందదు. 40 దాటితే మంచి లైనే. మరీ తక్కువొస్తే పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు తీసి పొట్టిది పెట్టి చూడండి. ఉరుములప్పుడు మాత్రం ఫోన్ వైరు తప్పకుండా పీకేయండి, పిడుగు దెబ్బ ఆ దారిన కూడా వస్తుంది.