సుల్తాన్ నాణెం మీద ఖలీఫా పేరు పట్టుకోవడం ఎలా?

నాకు అరబీ రాదు. అయినా ఢిల్లీ సుల్తానుల వెండి టంకా చేతిలో పెడితే, దాన్ని కొట్టించినాయన తన గద్దెకు ఎవరి అండ చూపించుకున్నాడో చెప్పగలను. మీరూ నేర్చుకోవచ్చు, కాస్త ఓపిక కావాలంతే.

కత్తితో గద్దె ఎక్కేస్తే అప్పట్లో పని అయిపోయేది కాదు. శుక్రవారం మసీదులో ఖుత్బాలో, అంటే నమాజు వేళ చేసే ప్రసంగంలో పేరు వినపడాలి, నాణెం మీద పేరు పడాలి. వాటికి తోడు ముస్లింల మతపెద్ద అయిన బాగ్దాద్ ఖలీఫా నుంచి ఖిలత్, అంటే గౌరవ వస్త్రాలు వచ్చాయంటే ఇక అడిగేవాడు లేడు. ఒకప్పుడు బానిసగా అమ్ముడుపోయిన ఢిల్లీ సుల్తాన్ ఇల్తుత్‌మిష్‌కు 1229లో అవి అందాయి. ఆ వస్త్రాలను చూసింది దర్బారు వాళ్లే. నాణెం బజారు దాకా వెళ్లింది.

టంకాను కిటికీ దగ్గర, వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకోండి. చింతపండు పెట్టి మాత్రం తోమకండి, నేను ఒకటి అలాగే పాడుచేసుకున్నాను. ‘అల్ ఇమామ్’ అన్న మాటను అరబీలో కాగితం మీద రాసుకుని, కుడి నుంచి ఎడమకు పోల్చుకుంటూ వెతకండి. దాని వెంటే ఖలీఫా పేరుంటుంది: అల్ ముస్తన్సిర్ అనో, అల్ ముస్తాసిమ్ అనో.

తేదీ అంచు చుట్టూ, ఎక్కువగా అరబీ మాటల్లో ఉంటుంది. అంచు తెగిపోయి ఉంటే వదిలేయండి. దొరికితే హిజ్రీ, అంటే ఇస్లామిక్ క్యాలెండర్ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలపండి. 725 అంటే 1325. మొదట్లో నేను నేరుగా 622 కలిపేసి 1347 అని రాసుకున్నాను, నవ్వకండి.

ఇప్పుడు అసలు మజా. ఆ ఏడాదికి ఆ ఖలీఫా బతికే ఉన్నాడా? ముస్తాసిమ్‌ను మంగోలులు 1258లో చంపేశారు. కానీ బల్బన్ నుంచి జలాలుద్దీన్ ఖిల్జీ దాకా, అంటే 1296 వరకూ ఆయన పేరే నాణేల మీద నడిచింది. మొదటిసారి చూసి నా టంకా నకిలీదేమోనని టెన్షన్ పడ్డాను. అలావుద్దీన్ వచ్చాక ఆ పేరు తీసేసి, తనను తాను ఖిలాఫత్‌కు, అంటే ఖలీఫా పదవికి కుడిభుజం అని చెక్కించుకున్నాడు. ఆయన కొడుకు ముబారక్ షా ఏకంగా తానే ఖలీఫానన్నాడు!

ముహమ్మద్ బిన్ తుగ్లక్ దగ్గర జాగ్రత్త. 1323లో మన ఓరుగల్లును పట్టి సుల్తాన్‌పూర్ అని పేరు మార్చింది ఈయనే. తిరుగుబాట్లు ముసురుకున్నాక నాణేల మీద తన పేరే తీసేసి, బాగ్దాద్ పోయాక ఖలీఫాలు చేరిన కైరోలోని అల్ ముస్తక్ఫీ పేరు వేయించాడు. ఆయనేమో 1340లోనే చనిపోయాడు. హిజ్రీ 744లో కైరో నుంచి దూత వస్తే సుల్తాన్ నడుచుకుంటూ ఎదురెళ్లాడట. కాబట్టి అల్ ముస్తక్ఫీ పేరుండి, ఎక్కడా సుల్తాన్ పేరు కనపడకపోతే కంగారు పడకండి, తుగ్లక్ పెట్టెలో వేసుకోండి.