పలచటి నూలు మీద మామిడి పిందె: ముడతలు రాకుండా ఎంబ్రాయిడరీ

వెంకటగిరి నూలు లాంటి పలచటి జాకెట్ ముక్క మీద ఎంబ్రాయిడరీ వేస్తే డిజైన్ చుట్టూ బట్ట ముడుచుకుపోతుంది. చాలామంది మిషన్‌ను తిడతారు. తప్పు ఎక్కువగా ఫైల్‌లోనే, అంటే ఏ కుట్టు ఎక్కడ పడాలో మిషన్‌కు చెప్పే కంప్యూటర్ డిజైన్‌లోనే ఉంటుంది.

3 సెంటీమీటర్ల మామిడి పిందెతో మొదలుపెట్టండి. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో నడిచే ఇంక్‌స్టిచ్ బొమ్మను కుట్ల ఫైల్‌గా మారుస్తుంది; అది ఉచితం, నేర్చుకోవడానికి అదే చాలు. లోపలికి ఫిల్ (ఖాళీని వరుసలుగా నింపే కుట్టు), అంచుకు 2 మిల్లీమీటర్ల వెడల్పు శాటిన్ (పక్కపక్కనే దగ్గరగా పడే పట్టీ కుట్టు) ఇవ్వండి. ఫిల్ వరుసల మధ్య ఎడం మామూలుగా 0.4 మిల్లీమీటర్లు, పలచటి బట్టకు 0.45 పెట్టండి. 0.3కి దించితే నిండుగా వస్తుందనుకుంటాం గానీ, సూది పోట్లు ఎక్కువై బట్ట చిల్లులు పడుతుంది. నిండుదనం అండర్‌లేతో, అంటే పైకుట్టు కంటే ముందు కింద పడే పలచటి కుట్టుతో రావాలి. అది పైకుట్టుకు అడ్డంగా, 2 మిల్లీమీటర్ల ఎడంతో పోవాలి.

దారం బట్టను కుట్టు దిశలో లోపలికి లాగుతుంది. ఫిల్‌కీ అంచుకీ మధ్య సన్నటి సందు తేలేది అందుకే. ఆ లాగుడుకు సరిపడా కుట్టును కాస్త పొడిగించే పుల్ కాంపెన్సేషన్ 0.2 మిల్లీమీటర్లు పెట్టి, ఫిల్ అంచును శాటిన్ కిందికి 1 మిల్లీమీటరు పొడిగించండి.

బట్టను ముందే తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేయండి. కింద మెత్తటి కట్‌అవే స్టెబిలైజర్ (బట్టకు ఊతమిచ్చే పొర, కుట్టాక మిగిలింది కత్తిరించేస్తాం) పెట్టి రెండూ కలిపి హూప్‌లో, అంటే బట్టను పట్టి ఉంచే చట్రంలో బిగించండి. బిగించాక మాత్రం అంచులు పట్టి లాగొద్దు: హూప్ తీయగానే బట్ట వెనక్కి పోయి ముడతేస్తుంది. సూది 75/11, దారం 40 నంబరు.

అడుగున దారం ఉండకట్టిందా? పై దారం టెన్షన్ డిస్కుల్లో (దారాన్ని బిగువుగా పట్టే బిళ్లల మధ్య) కూర్చోలేదన్నమాట. బట్టను నొక్కిపట్టే ఫుట్ పైకెత్తి దారం మళ్లీ ఎక్కించండి.

నీళ్లలో కరిగే స్టెబిలైజర్ వాడేవాళ్లు దాన్ని జిప్ కవర్‌లో దాచండి, నెల్లూరు ఉక్కకు మెత్తబడిపోతుంది.