ఐ-బీమ్‌కి క్లాంప్ వేసి బరువు వేలాడదీయాలంటే

మిల్లులో మోటారు దించాలన్నా, షెడ్డులో కేబుల్ ట్రే కట్టాలన్నా మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది డ్రిల్లింగ్, లేదంటే వెల్డింగ్. రెండు చివర్లా ఆనుకుని ఉన్న బీమ్‌లో నడిమధ్యన ఎక్కువగా సాగే కష్టం పడేది కింది ఫ్లాంజే, అంటే ఐ అక్షరంలో కింది అడ్డగీత లాంటి పలకే, పోయి పోయి దానికే బెజ్జం పెడితే ఎట్లా? క్లాంప్ అయితే ఫ్లాంజ్‌ని పట్టుకుంటుంది, పని కాగానే విప్పేయొచ్చు.

కొనేముందు ఒకసారి తల పైకెత్తి చూడండి. వరంగల్ ఏనుమాముల మార్కెట్ వైపు గోదాముల్లాంటి రేకుల షెడ్లలో వరసగా కనిపించే సన్న పట్టీలు పర్లిన్లు, రేకులను మోయడానికి వేసినవి. వాటికి చైన్ కుప్పీ (గొలుసు లాగి బరువు ఎత్తే సాధనం) తగిలించొద్దు, మెలి తిరిగిపోతాయి. అసలు బీమ్ కూడా అదనంగా ఎంత మోస్తుందో డ్రాయింగ్ చూసో, ఇంజనీరుని అడిగో తెలుసుకోవాల్సిందే. క్లాంప్ మీద 1 టన్ను అని కొట్టి ఉంటే అది క్లాంప్ మోసే బరువు, బీమ్ సంగతి దానికేం తెలుసు? చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు.

తర్వాత ఫ్లాంజ్ వెడల్పు, మందం కొలవండి. ఐఎస్‌ఎంబీ 200 (200 ఎంఎం ఎత్తుండే మన దేశపు ప్రామాణిక ఐ-బీమ్) అయితే వెడల్పు 100 ఎంఎం. ఈ రకం బీమ్‌లకు ఫ్లాంజ్ లోపలి వైపు వాలుగా ఉంటుంది, అంచు దగ్గర పల్చగా, మధ్యకు పోయేకొద్దీ మందంగా. అందుకే వాలు ఫ్లాంజ్‌కి పనికొచ్చే క్లాంపే అడిగి తీసుకోండి, సందులో వాచరో రేకు ముక్కో దూర్చి సర్దుకుపోవద్దు.

రైస్ మిల్లు అయితే ఇంకో తంటా, తవుడు దుమ్ము. దానిలో నూనె ఉంటుంది కదా, ఏళ్ల తరబడి ఫ్లాంజ్ మీద పేరుకుని వేలితో గీస్తే జిడ్డుగా ఊడొస్తుంది. వైర్ బ్రష్‌తో గీకి, గుడ్డతో తుడిచాకే క్లాంప్ ఎక్కించండి. దవడలు రెండు వైపులా సమానంగా కూర్చోవాలి, కొక్కెం సరిగ్గా బీమ్ నిలువు పలక కిందికి రావాలి. బిగుతు కంపెనీ చెప్పినంతే, పానాకి పైపు తొడిగి బలమంతా చూపించొద్దు.

లాగుడు నిటారుగానే ఉండాలి, పక్కకి లాగడానికి వీలుందని కంపెనీ రాస్తే తప్ప. రెండు క్లాంపుల నుంచి తాళ్లు వేసి ఒకే బరువు ఎత్తేటప్పుడు తాళ్ల మధ్య కోణం 120 డిగ్రీలకు పోతే ఒక్కో తాడు మీద సగం కాదు, మొత్తం బరువంత లాగుడు పడుతుంది, పైగా క్లాంపులు ఒకదానివైపు ఒకటి జరగాలని చూస్తాయి.

త్రెడ్ రాడ్ (పొడవునా మరలు ఉన్న కడ్డీ) పట్టే చిన్న సీ-క్లాంపులు ట్రేలకు, పైపులకు చాలు, వాటికి కుప్పీ తగిలించొద్దు. నట్టు వదులు కాకుండా దాని మీద బిగించే లాక్ నట్టు మర్చిపోవద్దు. ఫ్యాన్ లాంటి అదిరే సామానైతే క్లాంప్‌తో సంబంధం లేకుండా బీమ్ చుట్టూ వేరే సేఫ్టీ వైరు కూడా వేయండి.

ఎత్తేముందు దవడ అంచు వెంబడి సుద్దతో ఒక గీత గీసి, బరువుని నేల నుంచి జానెడు లేపి కాసేపు ఆగండి, కింద ఎవరినీ నిలబడనీయకుండా. దవడ గీత దాటి జరిగిందా, వెంటనే దించేసి మళ్లీ మొదటి నుంచి బిగించండి.