ఒక్క ఫోను, ఒక జంపఖానా, నలభై మంది పిల్లలు: కణం పాఠం ఏఆర్‌లో ఎలా చెప్పాలి

కణం పాఠం ఏఆర్‌లో, అంటే ఫోను కెమెరాలో కనిపించే నేల మీద 3డీ బొమ్మను నిలబెట్టి చూపే ఆగ్మెంటెడ్ రియాలిటీలో, చెప్పాలనుకుంటే ముందు ఒక ఉల్లిగడ్డ తెచ్చుకోండి. ఫోను తర్వాత. పొర తీసి, సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు చుక్క వేసి, మైక్రోస్కోపులో ఇటుకలు పేర్చినట్టుండే ఆ గడుల్ని పిల్లలు తమ కళ్లతో చూసి ఉండాలి, లేకపోతే ఏఆర్ బొమ్మ వాళ్లకు ఇంకో గేమ్‌లాగే ఉంటుంది.

ప్లే స్టోర్‌లో 'గూగుల్ ప్లే సర్వీసెస్ ఫర్ ఏఆర్' మీ ఫోనులో ఇన్‌స్టాల్ అవుతుందో లేదో చూసుకోండి, ఏఆర్ బొమ్మలు నేల మీద నిలబడేది దీంతోనే. మొక్క కణం, జంతు కణం నమూనాలు ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసి, డేటా ఆపేసి ఒకసారి తెరిచి చూస్తే బడిలో నెట్ టెన్షన్ ఉండదు.

అసలు చిక్కు నేలతో. మొదటిసారి మా క్లాసులో నున్నటి సిమెంటు నేల మీద ఎంతసేపు ఫోను తిప్పినా కణం నిలబడలేదు, పిల్లల ముఖాలు చిన్నబోయాయి. కెమెరా నేల మీద గీతలు, మచ్చలు, రంగు మారే చోట్లు వెతుక్కుంటుంది, వాటి ఆధారంగానే చదును ఎక్కడుందో లెక్కగడుతుంది. మర్నాడు ఇంట్లో ఉన్న వరంగల్ కొత్తవాడ జంపఖానా పట్టుకెళ్లి కిటికీ దగ్గర వెలుతుర్లో పరిచాను. ఫోను మెల్లగా అటూ ఇటూ తిప్పగానే ఆ ఎరుపు, నీలం డిజైన్ల మీద మొక్క కణం వచ్చి కూర్చుంది! 2018లో జీఐ (ఫలానా ఊరి ప్రత్యేక వస్తువు అనే) గుర్తింపు వచ్చిన మన జంపఖానా సైన్సు పాఠానికి ఇట్లా పనికొస్తుందని నేనైతే అనుకోలేదు.

ఫోను ఒక్కటే ఉంటే ఒకరు పట్టుకుని కణం చుట్టూ నడుస్తూ కనిపించింది చెప్పాలి, మిగతావాళ్లు విని బొమ్మ గీయాలి. ఐదు నిమిషాలకోసారి చేయి మారాలి. క్లాసులో ఐఎఫ్‌పీ ప్యానెల్ (గోడకుండే పెద్ద టచ్ స్క్రీన్) ఉంటే స్క్రీన్ దాని మీదికి పంపండి, కానీ చుట్టూ నడవడం మాత్రం మానొద్దు, లోతు తెలిసేది అక్కడే.

రంగుల సంగతి తప్పకుండా చెప్పండి. నమూనాలో కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా ఎర్రగానో నారింజగానో ఉంటుంది, అది గుర్తుపట్టడానికి వేసిన రంగు. సంఖ్య కూడా అంతే, బొమ్మలో నాలుగైదే ఉన్నా మన కాలేయ కణం ఒక్కదాంట్లోనే వందల్లో, వేలల్లో ఉంటాయి.

చివర్లో మళ్లీ స్లైడు దగ్గరికి రండి. మా దగ్గర ఒక పాప అటూ ఇటూ చూసి, "టీచర్, ఫోన్ల పచ్చగున్నయి కదా, ఉల్లిగడ్డల లేవేంది?" అంది. ఆకుల్ని పచ్చగా ఉంచే హరితరేణువులు! ఉల్లిగడ్డ మట్టిలో పెరుగుతుంది, వెలుతురు తగలని ఆ పొరలో అవి ఉండవు. జవాబు నేను చెప్పలేదు, నీళ్ల తొట్టిలోంచి కాస్త పాచి తెమ్మని పంపి ఇంకో స్లైడు పెట్టించాను.