పాత పికప్‌కు పట్టిన తుప్పు: లక్షణం, కారణం, మరమ్మతు

కాకినాడ, మచిలీపట్నం వంటి రేవుల్లో చేపల పెట్టెలు మోసి మోసి అలసిన పాత పికప్‌ను చవకగా కొని, ఇంటి ఆవరణలోనే బాగు చేసుకోవాలనుకునేవారికి ఇంజిన్ కన్నా ముందు ఎదురయ్యే సమస్య తుప్పు. ఐసు కరిగిన నీరు చేపల ఉప్పుతో కలిసి వెనుక తొట్టి కీళ్లలోకి దిగి, బండి ఎండలో నిలిచినా లోపల తడి ఆరకుండా ఉంటుంది. ఇనుముకు నీరు, ఆక్సిజన్ తోడైతే తుప్పు పుడుతుంది. నీటిలో ఉప్పు ఉంటే విద్యుత్తు సులువుగా ప్రవహించి ఆ చర్య మరింత వేగంగా సాగుతుంది. కాబట్టి తుప్పు బయటపడిన చోట రేకు కొట్టే ముందు, నీరు ఏ దారిన వచ్చి ఎక్కడ ఆగుతోందో కనిపెట్టాలి. ఆ దారి మూయకుండా వేసిన అతుకు సాధారణంగా ఎక్కువ కాలం నిలవదు.

తలుపు సరిగా పడకపోవడం, క్యాబిన్ ఒక పక్కకు ఒరగడం

దీనికి తలుపు బందులు అరిగిపోవడం ఒక కారణం కావచ్చు. అయితే జాకీతో ఒక పక్క ఎత్తినప్పుడు తలుపు చుట్టూ ఉన్న సందు మారుతుంటే, క్యాబిన్‌ను చాసిస్‌కు (బండి బరువంతా మోసే అడుగు చట్రానికి) పట్టి ఉంచే మౌంటింగులో గానీ, చాసిస్‌లోనే గానీ బలం తగ్గిందని అనుమానించాలి. చాసిస్ పొడవునా చిన్న సుత్తితో తడుతూ పోతే గట్టి ఇనుము గణగణమంటుంది, తుప్పు తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది. కమాన్ పట్టీలు బిగించిన బ్రాకెట్ల దగ్గర, అడ్డ దూలాలు కలిసే మూలల్లో, మట్టి పేరుకున్న పెట్టె ఆకారపు భాగాల్లో ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. స్క్రూడ్రైవర్ మొన గట్టిగా నొక్కితే లోపలికి దిగిన చోట ఇనుము మిగలలేదని అర్థం.

మౌంటింగు బ్రాకెట్‌ను కోసి కొత్తది వేయడం ఓపిక ఉన్న ఔత్సాహికుడికి సాధ్యమే. చాసిస్ దూలాన్ని తుప్పు తినేసి ఉంటే మాత్రం ఆ పని అనుభవమున్న వెల్డర్‌కు అప్పగించాలి. తుప్పు దాన్ని చాలా మేర తిని ఉంటే బండిని వదులుకోవడమే నయం. రంగుకు, సీట్లకు డబ్బు పోసిన తర్వాత ఈ సంగతి తెలుసుకోవడం కన్నా, కొనకముందే నేల మీద పడుకుని సుత్తితో తట్టి చూడడం మేలు. చాసిస్ నంబరు కొట్టి ఉన్న చోట గ్రైండర్ ఆనించకూడదు. ఆర్‌సీలోని వివరాలతో అది సరిపోకపోతే ఫిట్‌నెస్ తనిఖీ దగ్గర చిక్కులు తప్పవు.

రంగు బుడగలుగా లేవడం, రేకుకు చిల్లులు పడడం

రంగు మీద కనిపించే బుడగ, చాలావరకు రేకు లోపలి నుంచి తుప్పు బయటికి తోసుకొస్తోందని చెప్పే గుర్తు. తలుపు అడుగు అంచున ఇది ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే అద్దం పక్కన దిగిన నీరు పోవడానికి కింద వదిలిన చిన్న రంధ్రాలు దుమ్ముతో మూసుకుపోయి ఉంటాయి. మడ్‌గార్డుల లోపల, రెండు రేకులు ఒకదాని మీద ఒకటి పడే చోట బురద పేరుకుని అదే పని చేస్తుంది. ఫ్లోర్ విషయంలో నేరం రబ్బరు మ్యాటుదీ, ముందు అద్దం రబ్బరుదీ. మ్యాటు తీసి, ఒకరు టార్చితో లోపల కూర్చుని, మరొకరు బయటి నుంచి అద్దం అంచుల వెంబడి చెంబుతో మెల్లగా నీరు పోస్తే కారే చోటు పట్టుబడుతుంది. పైపు ధారతో ఒక్కసారిగా ముంచెత్తితే ఎక్కడి నుంచి వస్తోందో తేల్చలేము.

పని మొదలుపెట్టే ముందు బండిని మంచినీటితో, ముఖ్యంగా అడుగు భాగాన్ని, రెండు మూడు సార్లు కడిగి ఆరబెట్టాలి, ఎందుకంటే తుప్పు గుంటల్లో దాగిన ఉప్పు పోకుండా రంగు వేస్తే కిందనే మళ్లీ మొదలవుతుంది. ఆ తర్వాత పొరలుగా ఊడే తుప్పును వైరు బ్రష్‌తోనూ గ్రైండర్‌కు తగిలించిన వైరు కప్పుతోనూ తీయాలి. గరుకు కాగితం ముక్కలు అంటించిన ఫ్లాప్ డిస్క్ త్వరగా పని చేసినా పలుచని రేకును ఇంకా పలుచన చేస్తుంది. గ్రైండర్ పట్టినప్పుడు రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి, తెగిన తీగముక్క సూదిలా వచ్చి దిగుతుంది. గుంటల్లో మిగిలిన పలుచని తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన రస్ట్ కన్వర్టర్ పూయవచ్చు. అది తుప్పుతో కలిసి నల్లని ఫాస్ఫేట్ పొరగా మారుతుంది. పెచ్చులు కట్టిన తుప్పు మీద పూస్తే పైపొర మాత్రమే మారి, లోపలిది యథాతథంగా తింటూనే ఉంటుంది.

తీరప్రాంతంలో ఉదయం మెరిసేలా తీసిన ఇనుము సాయంత్రానికే గోధుమరంగు తిరుగుతుంది. అందువల్ల ఒక రోజులో ప్రైమర్ (రంగుకు ముందు వేసే తొలి పూత) వేయగలిగినంత మేరకే శుభ్రం చేయాలి. ఎపాక్సీ ప్రైమర్ తేమను బాగా ఆపుతుంది. లప్పం దాని మీదే పెట్టాలి. నేరుగా ఇనుము మీద పెట్టిన లప్పం తేమ పీల్చుకుని కొంతకాలానికి ఊడిపోతుంది. చిల్లుల్లో కాగితం కుక్కి పైన లప్పం పూసిన బండ్లు చాలా కనిపిస్తాయి. అలాంటి తలుపుల మీద చిన్న అయస్కాంతం పట్టి చూస్తే ఎక్కడ రేకు ఉందో, ఎక్కడ లప్పమే ఉందో తేలిపోతుంది.

చిల్లు పడ్డ చోట, గట్టి రేకు వచ్చే వరకు కోసి, దాదాపు 1 మిల్లీమీటరు మందం గల కొత్త రేకును కచ్చితమైన కొలతకు కత్తిరించి అతకాలి. రాడ్‌తో చేసే ఆర్క్ వెల్డింగు ఈ మందానికి చిల్లులు పొడుస్తుంది కాబట్టి, సన్నని తీగను యంత్రమే అందించే మిగ్ వెల్డింగు కావాలి. ఒకే చోట వరుసగా కాల్చకుండా, అటొక చుక్క ఇటొక చుక్క వేస్తూ చల్లారనిస్తే రేకు వంకర పోదు. ఆ యంత్రం లేనివారు ముక్కలన్నీ ఇంట్లోనే కోసి, అమర్చి చూసుకుని, టింకరింగ్ షెడ్డుకు ఒక పూట పనిగా తీసుకెళ్తే ఖర్చు బాగా తగ్గుతుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పాలి, డీజిల్ ట్యాంకు దింపి దూరంగా పెట్టాలి. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి పేలగలదు, కాబట్టి ట్యాంకును ఇంట్లో వెల్డు చేయడం ఎన్నడూ తగదు. జింకు పూత ఉన్న రేకును కాల్చితే వచ్చే తెల్లని పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. పూతను ముందే గీకేయాలి.

పైరంగు విషయంలో ఒక హెచ్చరిక అవసరం. హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపే 2కే రంగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. స్ప్రే చేసినప్పుడు ముక్కుకు కట్టిన గుడ్డ వాటిని ఆపలేదు, ఆస్తమా మిగిలిపోవచ్చు. ఇంట్లో చేసేవారు బ్రష్‌తో ఎనామెల్ వేసుకుని సరిపెట్టుకోవాలి, నున్నని మెరుపు కావాలనుకుంటే రంగు మాత్రం బయట వేయించుకోవాలి. పాత సరుకు బండికి బ్రష్ గీతలు అవమానమేమీ కాదు. రంగునే మార్చదలిస్తే ఆర్‌సీలో ఆ మార్పు నమోదు చేయించుకోవాలి.

బోల్టు కదలకపోవడం

పానాకు పొడవైన పైపు తొడిగి బలం చూపిస్తే బోల్టు తల తెగుతుంది, ఆ తర్వాత ఒక గంట పని ఒక రోజవుతుంది. మరలను వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, సందుల్లోకి ఇంకే పెనిట్రేటింగ్ ఆయిల్ పోసి, రాత్రంతా వదిలేయాలి. మర్నాడు విప్పే ముందు కొద్దిగా బిగించి తుప్పు పట్టు విడిపించాలి. అప్పటికీ రాకపోతే నట్టును వేడి చేయవచ్చు, అయితే బ్రేకు పైపుల దగ్గర, షాక్ అబ్జార్బర్ల దగ్గర, రబ్బరు బుష్‌ల దగ్గర మంట పెట్టకూడదు. విప్పిన చిన్న భాగాలను నిమ్మ ఉప్పు కరిగించిన నీటిలో ఒక రాత్రి ఉంచితే తుప్పు వదులుతుంది. తీసిన వెంటనే వాషింగ్ సోడా నీటిలో ముంచి, ఆరబెట్టి, నూనె రాయాలి.

లైట్లు మసకగా వెలగడం, సెల్ఫ్ నీరసంగా తిరగడం

చాలామంది వెంటనే బ్యాటరీ మారుస్తారు. తుప్పు పట్టిన బండిలో అసలు దోషం తరచుగా, బ్యాటరీ నెగటివ్‌ను బండి ఇనుముకు కలిపే ఎర్త్ తీగ బిగించిన చోట ఉంటుంది. హెడ్‌లైట్లు వేసి, వోల్టులు కొలిచే మల్టీమీటరు ఒక కొసను బ్యాటరీ నెగటివ్‌కు, మరో కొసను క్యాబిన్ ఇనుముకు ఆనించి చూడాలి. అక్కడ అర వోల్టుకు దగ్గరగా కనిపిస్తే ఎర్త్ చెడిందని తేల్చుకోవచ్చు. ఆ చోటును మెరిసేలా గీకి, బిగించి, పైన గ్రీజు రాస్తే సరిపోతుంది.

కొంతదూరం నడిచి ఇంజిన్ ఆగిపోవడం

ఏళ్ల తరబడి నిలిపిన బండిలో ట్యాంకు గోడలకు పట్టిన తుప్పు పెచ్చులుగా రాలి, డీజిల్ పీల్చే గొట్టం మూతిని అడ్డుకుంటుంది. ఆగిన కాసేపటికి అవి కిందికి దిగి బండి మళ్లీ స్టార్టవుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మళ్లీ ఆగుతుంది. ఫిల్టరు మార్చినంత మాత్రాన ఇది పోదు. ట్యాంకు దింపి, లోపల గుప్పెడు నట్లు వేసి కుదిపి, నిమ్మ ఉప్పు నీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, చివరగా కొంచెం డీజిల్ పోసి కడిగి పారబోయాలి. ఆ తర్వాత ట్యాంకును నిండుగా ఉంచితే లోపల తేమ పేరుకోవడానికి చోటుండదు.

బ్రేకు పెడల్ మెల్లగా దిగిపోవడం

తుప్పుపట్టిన బ్రేకు పైపు నుంచి ఆయిల్ కారుతుండవచ్చు, చక్రం దగ్గరి వీల్ సిలిండరు కారుతుండవచ్చు, పెడల్ నొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండరు లోపలి రబ్బరు పోయి ఉండవచ్చు. కారిన గుర్తులు ఎక్కడా లేకపోతే చివరిదాన్నే అనుమానించాలి. తుప్పుపట్టిన పైపును ముక్కలుగా కోసి రబ్బరు గొట్టంతో కలపడం ప్రాణాలతో చెలగాటం. పైపు మొత్తం కొత్తది వేసి, చివరలు డబుల్ ఫ్లేర్ చేయించి (అంచును రెండు మడతలుగా వెడల్పు చేయించి), ఆయిల్ పూర్తిగా మార్చి పైపుల్లోని గాలి తీయాలి.

ఇవన్నీ అయ్యాక చాసిస్ బోలు భాగాల్లోకి రంధ్రాల గుండా మైనం కలిసిన క్యావిటీ వ్యాక్స్ చిమ్మాలి, నీరు పోయే రంధ్రాలను మాత్రం తెరిచి ఉంచాలి. మొదటి పెద్ద వాన కురిసిన మర్నాడు మ్యాటు ఎత్తి, చేత్తో క్యాబిన్ ఫ్లోర్‌ను తడిమి చూడాలి.